పోటు మీద తీసిన బొమ్మ

చొల్లంగి అమావాస్యకి మా మామ్మ నన్ను సముద్ర స్నానానికి తీసుకెళ్లేది. పుష్యమాసం ఆఖరి రోజు. చలికి ముడుచుకు పడుకున్నవాణ్ణి చీకటితోనే లేపి, కాకినాడ జగన్నాథపురం వంతెన దగ్గర బస్సెక్కించేది. గోదావరి పాయ తుల్యభాగ సముద్రంలో కలిసే చోటు చొల్లంగి. సప్తసాగర యాత్ర చేసేవాళ్లకి మొదటి మునక అక్కడే, ఆఖరి మునక అంతర్వేదిలో. ఎప్పుడూ తెల్లారేసరికి మునిగి బయటపడేవాళ్లం. ఓ ఏడు బస్సుల్లో చోటు దొరక్క తొమ్మిది దాటాక చేరాం. ముందటేడు నేను చెప్పులు విడిచిన చోట నడుముల్లోతు నీళ్లున్నాయి. నేను బెంబేలెత్తిపోయి, "సముద్రం పెరిగిపోయింది మామ్మా!" అన్నాను. "అమావాస్య పోటురా నాయనా. మధ్యాహ్నానికి అదే దిగిపోద్ది" అంది మామ్మ, ముక్కు మూసుకుని మునుగుతూ.

పదేళ్ల పిల్లాడికి ఒక్క ముక్కలో అర్థమైపోయిన ఆ సంగతిని, పెద్ద చదువులు చదివి, జీతం తీసుకుని, రెండు తెరల కంప్యూటర్ ముందు కూర్చుని పూర్తిగా మరిచిపోయాను. మరిచిపోయి ఊరుకోలేదు, దాని మీద ఒక నివేదిక కూడా రాశాను.

ఆకాశం నుంచి తీసిన బొమ్మల్లో నేల లెక్కలు చూడడం నా బతుకుతెరువు. రిమోట్ సెన్సింగ్ అంటారు. వాల్తేరులో చదువు, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆఫీసు పేరు చెప్పను. తప్పు నాది, దానిది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంటికెళ్లినప్పుడు అమ్మకి ల్యాప్‌టాప్‌లో కోరింగ మడ అడవి చూపించాను. "ఇదేంట్రా, కుంకుమ భరిణె ఒలికినట్టుంది! అడివెక్కడ?" అంది. అదే అడవని చెబితే నవ్వింది. ఆకు మన కంటికి పచ్చగా కనిపిస్తుంది గానీ, మన కంటికి అందని పరారుణ కాంతిని అది ఇంకా జోరుగా తిప్పికొడుతుంది. తెర మీద ఆ కాంతికి ఎరుపు రంగు ఇస్తాం. అందుకని మా బొమ్మల్లో చెట్టు ఎంత ఆరోగ్యంగా ఉంటే అంత ఎర్రగా ఉంటుంది. నీళ్లు పరారుణాన్ని మింగేస్తాయి కాబట్టి నల్లగా పడతాయి. మడ అడవిలో పైన ఆకు, కింద తడి బురద. ఆ రెండూ కలిసి, పక్కనున్న కొబ్బరి తోటల కంటే ముదురు రంగులో, మామ్మ పట్టుచీర అంచులా కనిపిస్తుంది. ఈ ముక్క నేను అమ్మకి ఎంత చక్కగా వివరించానంటే, నా మీద నాకే ముచ్చటేసింది. కింద నీళ్లుంటే రంగు మారుతుందని నా నోటితో నేనే చెప్పానని దయచేసి గుర్తుపెట్టుకోండి.

నిజానికి దానికి ముందే నాకొక హెచ్చరిక అందింది. శిక్షణలో ఉండగా కొల్లేరు మీద చిన్న పని ఇచ్చారు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు, 2006లో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు ప్రభుత్వమే కొట్టించిన సరస్సు. అక్కడ నీళ్లెంత, చెరువులెంత, పైరెంత అని రంగులేయాలి. వేశాను. సరస్సు నడిబొడ్డున నిగనిగలాడే పచ్చదనం కనిపిస్తే వరి అని రాశాను. గోదావరి జిల్లా నుంచి వచ్చిన మా సీనియర్ ఒకాయన పటం చూసి, "కొల్లేట్లో గుర్రపుడెక్కకి మద్దతు ధర ఎంతుందో" అన్నాడు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వితే పాఠం అయిపోయినట్టే అనుకునే వయసు అది.

తర్వాత కొన్నాళ్లకి కోరింగ పని వచ్చింది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన అడవి, 235 చదరపు కిలోమీటర్లు. గౌతమి పాయలు, సముద్రానికి అడ్డంగా పడుకున్న హోప్ ఐలండ్ ఇసుక తిన్నె, వాటి మధ్య కాకినాడ అఖాతం. రాష్ట్రంలో మడ మొత్తం ఎంతంటే, 2021 నాటి అటవీ నివేదిక 405 చదరపు కిలోమీటర్లంటుంది. రెండేళ్లకోసారి ఆ లెక్క తేల్చేదీ ఉపగ్రహ చిత్రాలతోనే. బురదలో, ముళ్లలో, పాయలు దాటుకుంటూ గొలుసు పట్టి కొలవగలిగే నేల కాదది.

ఇక్కడ మా వృత్తిలో కొలతల సంగతి కొంచెం చెప్పాలి. మా బొమ్మలో ఒక్కో చుక్క ఎంత నేలని చూపిస్తుందన్నదే మాకు అన్నిటికంటే ముఖ్యం. 1988లో మన దేశం పంపిన ఐఆర్‌ఎస్-1ఎ ఉపగ్రహంలో ఒక కెమెరాకి చుక్క వైశాల్యం 72.5 మీటర్ల చదరం. మన లెక్కలో ఎకరం ముప్పై సెంట్లు. అందులో చెట్టుందో, ఇల్లుందో, రెండూ ఉన్నాయో, అన్నీ కలగలిసి ఒకటే రంగు. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ చుక్క 30 మీటర్లు, అంటే 22 సెంట్లు. 2008లో వాళ్లు పాత బొమ్మలన్నీ ఉచితంగా ఇచ్చేయడంతో మాలాంటి వాళ్లకి పండగైపోయింది. 2015లో యూరప్ వాళ్ల సెంటినెల్-2 వచ్చాక ఒక్కో చుక్క రెండున్నర సెంట్లకి దిగింది. రెండో ఉపగ్రహం కూడా తోడయ్యాక అయిదు రోజులకోసారి అదే చోటుకి కొత్త బొమ్మ. ఈ సెంట్ల గొడవ పనికిమాలినది కాదు. 2011 తీర నియంత్రణ ప్రకటన ప్రకారం మడ వెయ్యి చదరపు మీటర్లు దాటితే దాని చుట్టూ 50 మీటర్ల మేర వదలాలి. వెయ్యి చదరపు మీటర్లంటే పాతిక సెంట్ల లోపే. ల్యాండ్‌శాట్‌లో ఒక చుక్క అటో ఇటో అయితే చట్టం వర్తించడమో మానడమో జరుగుతుంది. అంత జాగ్రత్తగా ఉండాల్సిన పని.

నేనూ జాగ్రత్తపడ్డాను, పడాల్సిన చోట తప్ప. సెంటినెల్ బొమ్మలు రెండు ఎంచుకున్నాను. రెండూ జనవరివే, రెండేళ్ల తేడాతో. ఒకే ఉపగ్రహం, ఒకే నెల, ఒకే వేళ. రెంటిలోనూ మబ్బు తునక కూడా లేదు. మా ప్రాంతంలో జూన్ నుంచి నవంబర్ దాకా మబ్బు లేని బొమ్మ దొరకడమంటే పులస దొరికినంత సంబరం. ఇంతకంటే న్యాయమైన పోలిక ఇంకేముంటుందనుకున్నాను. పరారుణంలోంచి ఎరుపు తీసేసి, ఆ రెంటి మొత్తంతో భాగించే పచ్చదనపు సూచిక ఒకటి ఉంది. రెండేళ్లకీ అది కట్టి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేశాను. పాయల అంచుల పొడుగునా, బురద మైదానాల మీదా, నష్టం జరిగినట్టు ఎరుపు మచ్చలు తేలాయి. అడవి తగ్గింది! ఎన్ని హెక్టార్లో ఇక్కడ రాయను. ఆ అంకె ఇప్పటికే తిరగాల్సిన దానికంటే ఎక్కువ తిరిగింది.

అప్పుడు నాకు దిగులు కలగాలి కదా? మా ఊరి అడవి. కలగలేదు. ఏదో కనిపెట్టేశానన్న పొంగు కలిగింది. అడవి పోయిందని సంతోషించిన మనిషిని నేను.

పటం తయారైతే చాలదు, అది ఎంతవరకు నిజమో పరీక్షించాలి. నిబంధన ప్రకారం పటం మీద అక్కడక్కడా చుక్కలు పెట్టుకుని, ఆ చోట్లకి కాళ్లతో నడిచి వెళ్లి, పటంలో మడ అన్న చోట మడ ఉందా, నీరన్న చోట నీరుందా అని చూసుకు రావాలి. నేను వెళ్లలేదు. డబ్బు లేదని, గడువు దగ్గరపడిందని ఆఫీసులో చెప్పాను. అసలు కారణం బురద. పైగా నేను కాకినాడవాణ్ణి, కోరింగ నాకు తెలియకపోవడమేమిటి? చిన్నప్పుడు స్కూలు పిల్లలతో వెళ్లి, చెక్క వంతెన మీద నడిచి, పులిహోర పొట్లాం తిని వచ్చిన అనుభవం ఉందిగా! కుర్చీలోంచి కదలకుండా, ఏ బొమ్మ చూసి పటం గీశానో ఆ బొమ్మనే మళ్లీ దగ్గరికి లాగి చూసి, వంద చుక్కల్లో దాదాపు అన్నిటికీ "సరిపోయింది" అని టిక్కులు పెట్టాను. తొంభైకి పైగా మార్కులొచ్చాయి. పరీక్ష రాసిందీ నేనే, పేపరు దిద్దిందీ నేనే. ఆ పైన నా నిజాయితీ చాటుకోవడానికి ఆరో ఏడో తప్పులు కావాలనే ఉంచాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

సమావేశంలో ఒక పెద్దాయన పటం చూసి ఒకటే ప్రశ్న వేశారు. "ఎవరు నరికారు?"

నాకు తెలియదు అని ఉండాల్సింది. తెలుగులో ఇంత తేలిక మాట మరొకటి లేదు. కానీ గదిలో పన్నెండు మంది నా వైపే చూస్తున్నారు. నేను లేజర్ లైటు పట్టుకుని, ఎర్ర మచ్చలకి దగ్గర్లో ఉన్న ఒక మత్స్యకారుల ఊరి మీద గుండ్రంగా తిప్పాను. "వంటచెరకు ఒత్తిడి" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఇంకో చోట చూపించి, "ఇక్కడ కొత్తగా కాలువలు కూడా తవ్వుతున్నారు సార్. రొయ్యల చెరువులకి కావచ్చు" అన్నాను. గూగుల్ ఎర్త్‌లో దగ్గరికి లాగితే ఆ కాలువలు చక్కగా కనిపించాయి. నడుమ ఒక పొడవాటి కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు. ఇంత సమానంగా ప్రకృతి తవ్వదు కదా, అంటే మనిషి పని. మనిషి పనంటే చెడ్డ పని. నా తర్కం అంత సాఫీగా సాగింది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో రొయ్యల చెరువుల కోసం మడ కొట్టేసిన చరిత్ర నిజంగానే ఉంది. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల చెరువుల మీద ఇచ్చిన తీర్పు మేము చదువుకున్నదే. ఒక నిజమైన పాత నేరం చేతిలో ఉంటే, కొత్త ముద్దాయిని పట్టుకురావడం ఎంత సులువో ఆ రోజు తెలుసుకోవాల్సింది.

ఏడాది గడిచింది. సంక్రాంతికి ఊరెళ్లాను. తాళ్లరేవులో మా పెద్దనాన్న కొడుకు ఉన్నాడు. ఆ నష్టం జరిగిన చోట్ల ఫోటోలు తీసుకుంటే తర్వాతి సమావేశంలో అదిరిపోతుందనుకుని, వాణ్ణి అడిగి పడవ మాట్లాడించుకున్నాను. చూశారా, అప్పటికీ తనిఖీకి బయల్దేరలేదు నేను. నరికిన మోళ్ల పక్కన నిలబడి ఫోటో దిగడానికి బయల్దేరాను.

పడవ నడిపేది అరవై దాటిన మనిషి. నేను "బాబాయ్" అన్నాను, ఆయన నన్ను "అబ్బాయిగారూ" అన్నాడు. పొద్దున్నే బయల్దేరాం. పాటు మీద ఉంది ఏరు. నీరు సముద్రం వైపు లాక్కుపోతుంటే గెడ వేయాల్సిన పని కూడా పెద్దగా లేదు. పాయలకి రెండు వైపులా బురద గట్లు బయటపడి, వాటి మీద కళ్లుబ్బిన చిన్న చేపలు రెక్కల మీద గెంతుతున్నాయి. నల్లమడ చుట్టూ మేకులు దిగ్గొట్టినట్టు వేర్లు పైకి లేచి ఉన్నాయి. తిల్ల చెట్టు కొమ్మ పక్కకి తప్పిస్తుంటే, "పాలు కంట్లో పడితే సూపు పోద్దండి, జాగర్త" అన్నాడు. ఎన్ని బొమ్మల్లో తిల్లకి రంగు వేశానో లెక్కలేదు. దాన్ని ముట్టుకోకూడదని అప్పుడే తెలిసింది.

ఫోన్‌లో నా పటం, దాని మీద మేమున్న చోటు చూపించే నీలి చుక్క. పది గంటలవుతుండగా నీలి చుక్క నా అతి పెద్ద ఎర్ర మచ్చలోకి ప్రవేశించింది. పడవ దిగాను. మోకాలి దాకా దిగబడిపోయాను. తలెత్తి చూస్తే చుట్టూ అడవి. పెద్ద చెట్లు కావు, నా నడుము ఎత్తు, కొన్ని భుజం ఎత్తు తెల్లమడ మొక్కలు. వందలు కాదు, వేలు. దక్షిణం వైపు ఎంత దూరం చూస్తే అంత దూరం. ఒక్క గొడ్డలి గాటు లేదు. ఫోన్ ఆపి మళ్లీ వేశాను, జీపీఎస్ తప్పు చూపిస్తోందేమోనని.

"ఇక్కడ చెట్లు పోయాయి కదా బాబాయ్?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏ చెట్లండి?"

ఉపగ్రహం బొమ్మ తీసిందని, అందులో ఇక్కడంతా నీళ్లే ఉన్నాయని చెప్పాను. ఆయన నవ్వలేదు. తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని ఫోన్ తీసుకుని చూసి, "ఈ బొమ్మ ఏ తిథినాడు తీసేరండి?" అన్నాడు.

తిథి! బొమ్మతో పాటు వచ్చే వివరాల పట్టిక నాకు కంఠతా వచ్చు. తేదీ ఉంటుంది, గ్రీనిచ్ సమయం ఉంటుంది, సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో, మబ్బు నూటికి ఎంతో, కెమెరా ఎంత వాలి చూసిందో అన్నీ ఉంటాయి. చంద్రుడి ఊసు ఎక్కడా ఉండదు.

నేను మాట్లాడకపోయేసరికి ఆయన ఒక మొక్క కొమ్మ వంచి చూపించాడు. కింది ఆకులన్నిటి మీదా ఎండిన బురద పొర, బూడిద రంగులో. పైన నాలుగాకులు మాత్రం కడిగినట్టు నిగనిగలాడుతున్నాయి. ఆ రెంటి మధ్య సున్నం వేసినవాడు గీత గీసినట్టు గీత ఉంది. పక్క మొక్క మీదా అదే ఎత్తులో, దాని పక్క మొక్క మీదా అదే ఎత్తులో. "ఇదేనండి పున్నం గీత. పున్నానికి, అమాసకి పొద్దున పదింటికొచ్చి సూడండి, ఈ కొసలే కనపడతాయి. ఇప్పుడు నవ్విలో ఉన్నాం, చిన్న పోటు రోజులు. పాటు కాబట్టి మీరు నిలబడ్డారు. లేకపోతే ఈదేవోరు."

మా కాకినాడ వాళ్లకి ఒక గొప్ప ఉంది. దేశమంతటికీ గడియారం పెట్టే 82.5 డిగ్రీల రేఖ మా పక్క నుంచే పోతుందని, అందుకే మా గడియారం సూర్యుడితో నడుస్తుందని. సెంటినెల్ ఎప్పుడు మా మీదుగా పోయినా పొద్దున పదిన్నర ప్రాంతమే. నీడలు ఎప్పుడూ ఒకేలా పడాలని దాని దారిని సూర్యుడితో ముడిపెట్టారు. నేను గర్వపడిన "ఒకే వేళ" అదే. కానీ పోటు నడిచేది చంద్రుడి గడియారం మీద, రోజుకి సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతూ. అమావాస్యనాడు పొద్దున పోటు ఉన్న వేళకి, వారం తిరిగేసరికి పాటు ఉంటుంది. నేను ఒకే వేళ తీసిన రెండు బొమ్మల్ని పోల్చాననుకున్నాను. నీటి లెక్కలో చూస్తే అవి పగలూ రాత్రీ అంత తేడా. నీళ్లు పరారుణాన్ని మింగేస్తాయని అమ్మకి చెప్పింది ఎవరు? ఆకుల మధ్యకి నీరెక్కితే పచ్చదనపు సూచిక పడిపోక ఏమవుతుంది? లేత మడ నీళ్లలో మునిగి ఉంది. దాన్ని నేను నరికేశాను.

ఇంకా ఉంది. తిరిగొచ్చేటప్పుడు పడవ ఆ కాలువల వైపు నుంచి పోనిమ్మన్నాను, కనీసం అదైనా నిజమవుతుందేమోనని. దగ్గరికెళ్తే కాలువల గట్ల పొడుగునా రెండు వరసల్లో మడ మొక్కలు, బడి పిల్లల్లా నిలబడి ఉన్నాయి. "ఇవి ఎవరు తవ్వారు?" అన్నాను.

"మేమేనండి" అన్నాడు, ఏదో మెచ్చుకుంటాననుకున్నట్టు. "అటవీ శాఖోళ్లు కూలిచ్చి తవ్వించేరు. నేను, మా తమ్ముడు, మా ఊరోళ్లందరూ."

వెనకటి రోజుల్లో అడవిని కూపులనే ముక్కలుగా పంచి నరికిన చోట్ల నేల ఎండి, కుంగి, పళ్లెంలా తయారైంది. పెద్ద పోటుకి లోపలికొచ్చిన నీరు మళ్లీ బయటికి పోలేదు. అక్కడే ఎండకి ఇగిరి, ఉప్పు మిగిలి, గడ్డి కూడా మొలవని బంజరు అయింది. దానికి విరుగుడుగా చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వుతారు. నడుమ వెన్ను, పక్కలకి ఈనెలు. రోజూ పోటుకి నీరు వచ్చి, పాటుకి పోతూ ఉప్పు కడిగేస్తుంది. ఆ తర్వాత గట్ల మీద మడ నాటుతారు. స్వామినాథన్ పరిశోధనా ఫౌండేషన్ వాళ్లు, అటవీ శాఖ, ఊళ్లవాళ్లు కలిసి గోదావరి, కృష్ణా మడ అడవుల్లో చేసిన పని ఇది. నేను చదివిన పుస్తకాల్లో బొమ్మతో సహా ఉంది. చేపముల్లు బొమ్మ. తెర మీద చూసినప్పుడు ఆ ఆకారం నాకు చేపముల్లులాగే తోచింది కూడా. తోచినా రొయ్యల చెరువనే అన్నాను, గదిలో ఉన్నవాళ్లు వినాలనుకుంటున్నది అదేనని నాకు అనిపించింది కాబట్టి.

బాబాయ్ గెడ వేస్తూ ఊరి సంగతులు చెబుతున్నాడు. "పోయినేడు మా ఊరి మీద పడ్డారండి. ఎండు పుల్లలు ఏరుకొచ్చిన ఆడోళ్ల మోపులు కూడా లాక్కున్నారు. ఆపీసరుగారు మంచోడే, ఆయన్ననడానికి లేదు. ఎవుడో హైదరాబాదులో కూకుని అడివి పోయిందని రాసేడంటండి."

"అలాగా" అన్నాను.

ఆ ఒక్క మాటే అన్నాను. పడవ ఒడ్డుకి చేరడానికి ముప్పావుగంట పట్టింది. "అది నేనే బాబాయ్" అనడానికి ముప్పావుగంట చాలదా? ఆయన నాకు మడ పీత ఎలా పట్టాలో, గండి కాడ వల ఎప్పుడు వేయాలో, 1996 తుఫానుకి అడవి తమ ఊరికి ఎలా అడ్డం నిలబడిందో చెబుతూనే ఉన్నాడు. నేను తల ఊపుతూనే ఉన్నాను. దిగేటప్పుడు అడిగినదానికంటే వంద ఎక్కువిచ్చాను. ఆయన సంతోషించాడు. ఆ వంద దేనికో ఆయనకి తెలియదు.

ఇంటికొచ్చి గోడ దగ్గరికెళ్లాను. కొత్త క్యాలెండర్‌ని పాతదాని మీదే తగిలించడం మా అమ్మ అలవాటు. మేకుకి ఏడెనిమిదేళ్ల వెంకట్రామా వాళ్లవి దొంతరగా వేలాడుతున్నాయి. ఒక్కోటీ ఎత్తి వెతికాను. నా మొదటి బొమ్మ, అడవి నిండుగా ఉన్నది, బహుళ అష్టమి నాడు తీసింది. రెండోది, అడవి పోయిందని నేను రాసినది, చొల్లంగి అమావాస్య మర్నాడు. తేదీ గడిలో అమ్మ చేతిరాతతో పాల లెక్క ఉంది. ముందు గడిలో "అత్తయ్యకి దీపం" అని ఉంది. మామ్మ పోయాక కూడా ఆ రోజున అమ్మ తులసి కోట దగ్గర ఆవిడ పేరున దీపం పెడుతుంది. "ఏం వెతుకుతున్నావురా?" అంటే, "ఏం లేదు, తిథి" అన్నాను. అమ్మకి ఎంత ఆనందమో. నాకు భక్తి పట్టుకుందనుకుంది.

హైదరాబాద్ వెళ్లి లెక్క మళ్లీ చేశాను. ఈసారి రెండు బొమ్మలు కాదు, ఏడాదిలో దొరికిన మబ్బులేని బొమ్మలన్నీ. సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు అచ్చువేసే పోటు పట్టికలు పక్కన పెట్టుకుని, నీరు దిగి ఉన్న రోజులవే ఏరాను. వానాకాలానికి మబ్బుల్లోంచి చూడగల రాడార్ బొమ్మలు కూడా కలిపాను. ఎర్ర మచ్చలు దాదాపు అన్నీ మాయమయ్యాయి. కొన్ని చోట్ల మొగల దగ్గర గట్టు నిజంగానే కోసుకుపోయింది. కొన్ని చోట్ల కొత్త బురద మీద మడ ముందుకి నడిచింది. ఊరి దగ్గర ఏమీ జరగలేదు. అయితే ఇంకో తప్పు బయటపడింది. తీరంలో పెరిగిందని నేను మెచ్చుకున్న మడ ఒకటి సరుగుడు తోట. దాని గురించి విడిగా ఏడవాలి.

సవరణ రాశాను. నాలుగు పేజీలు. "మునుపటి అంచనాలో నీటి మట్టం ప్రభావాన్ని పరిగణనలోకి తీసుకోలేదు" అని. ఎవరు తీసుకోలేదో వాక్యంలో లేకుండా జాగ్రత్తపడ్డాను. మన భాషలో కర్త లేకుండా వాక్యం నిలబడుతుంది, అది మా ఉద్యోగులకి పెద్ద వరం. పంపాను. అందినట్టు జవాబు వచ్చింది. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. అడవి తగ్గిందన్న వార్తకున్న కాళ్లు, అడవి తగ్గలేదన్న వార్తకి ఉండవు.

నా బల్ల మీద రెండో తెర పక్కన ఇప్పుడు గోడ క్యాలెండర్ ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలు చూసి, "సార్ ముహూర్తం చూసి డౌన్‌లోడ్ చేస్తారు" అని నవ్వుకుంటారు. నేను వాళ్లకి పోటు సంగతి చెబుతాను, పున్నం గీత ఫోటో చూపిస్తాను. "నాకు తెలిసిన ఒకాయన ఇలా పొరపాటు పడ్డాడు" అంటాను.

నిరుడు ఒక సదస్సుకి వెళ్లాను. తీరప్రాంత చిత్తడి నేలలు, వాటి రక్షణ. మూడో వరసలో కూర్చున్నాను. వేదిక మీద ఒక యువకుడు, చక్కటి గొంతు, చక్కటి తెలుగు, గోదావరి మడ అడవుల కష్టాలు చెబుతున్నాడు. సముద్రం కోత, ఎగువ ఆనకట్టల వెనక ఆగిపోతున్న ఒండ్రు, అన్నీ సరిగ్గానే చెప్పాడు. తర్వాతి స్లైడు మీద ఒక పటం, ఎర్ర మచ్చలతో. కింద పెద్ద అక్షరాల్లో ఒక అంకె. నా అంకె. అంత పెద్దగా నేను కూడా దాన్ని ఎన్నడూ రాయలేదు. "వంటచెరకు ఒత్తిడి" అన్న మాట కూడా మారలేదు. హాల్లో నా పక్కనున్నావిడ నొచ్చుకుంటూ నోటు పుస్తకంలో ఆ అంకె రాసుకుంది.

ప్రశ్నలున్నాయా అని అడిగారు. మైకు పట్టుకున్న కుర్రాడు మా వరస చివర నిలబడి నా వైపే చూశాడు. నేను పెన్ను మూత కోసం కిందికి వంగాను.

టీ విరామంలో ఆ యువకుడు కిటికీ దగ్గర ఒక్కడే ఉన్నాడు. వెళ్లి చెబుదామని రెండడుగులు వేశాను. ఈలోగా ఎవరో, "సమోసాలు అయిపోతున్నాయండోయ్" అన్నారు. నేను అటు తిరిగాను.

రెండు తిన్నాను.